కాగితం లేని పెంపకం: ఫోస్టర్ కేర్ ఎవరికి, ఎలా, ఎంతవరకు

గోదావరి డెల్టాలో ఏ ఊరికెళ్లినా కన్నవాళ్ల దగ్గర కాకుండా వేరే ఇంట్లో పెరుగుతున్న పిల్లలు ఉంటారు. "మా ఆడపడుచు కొడుకండి, చిన్నప్పట్నుంచీ మా దగ్గరే" అంటారు. అడిగినవాళ్లు కూడా అక్కడితో ఊరుకుంటారు. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్లలో పనికి వెళ్లి ఉంటుంది. తండ్రి పోయి ఉంటాడు, లేదంటే ఎటు వెళ్లాడో తెలియదు. ఆ పిల్లాడికి ఇంత అన్నం పెట్టడానికి ఇక్కడ ఎవరూ వెనకాడరు, ఇబ్బంది అన్నం దగ్గర రాదు. ఆపరేషన్‌కి ముందు ఆసుపత్రిలో సంతకం ఎవరు పెట్టాలి, కుల ధ్రువీకరణకి ఎవరి కాగితాలు జతచెయ్యాలి, తండ్రి పేరున ఉన్న అరెకరం కొబ్బరితోట కౌలు ఎవరి చేతికి రావాలి అన్న దగ్గర వస్తుంది. పదేళ్లు పెంచినవాళ్లకి కూడా చట్టం దృష్టిలో ఏ హోదా ఉండదు.

ఆ హోదా ఇచ్చే దారుల్లో ఫోస్టర్ కేర్ ఒకటి, అంటే కన్నవాళ్లు కాని కుటుంబంలో బిడ్డ కొంతకాలం అధికారిక పర్యవేక్షణలో పెరగడం. అయితే దాని గురించి ఊళ్లో చెప్పుకునే మాటల్లో చాలావరకు తప్పు. దత్తతకి దొడ్డిదారి అని కొందరు, అనాథాశ్రమానికి కొత్త పేరని కొందరు, నెలకి నాలుగు వేలొచ్చే పథకమని ఇంకొందరు అనుకుంటారు. అది ఈ మూడింటిలో ఏదీ కాదు.

ఏ బిడ్డకి ఏ దారి

అన్నిటికీ మూలం 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది. 44వ సెక్షన్ ఫోస్టర్ కేర్ గురించి, 45 స్పాన్సర్‌షిప్ (బిడ్డని ఉన్న ఇంట్లోనే పెంచడానికి ఇచ్చే డబ్బు సాయం) గురించి, 46 పద్దెనిమిదేళ్లు నిండి సంస్థల నుంచి బయటికొచ్చేవాళ్లకి ఇచ్చే ఆఫ్టర్ కేర్ గురించి. బిడ్డని ఏదైనా సంస్థలో ఉంచడం అన్ని దారులూ మూసుకుపోయాక చివరగా చెయ్యాల్సిన పని అని చట్టం మొదట్లోనే సూత్రంగా రాసుకుంది.

దత్తత అయితే బంధం శాశ్వతంగా మారిపోతుంది. కొత్త అమ్మానాన్నలు, వాళ్ల ఇంటిపేరు, వాళ్ల ఆస్తిలో హక్కు. ఫోస్టర్ కేర్‌లో ఇవేవీ మారవు. కన్నవాళ్లు కన్నవాళ్లుగానే ఉంటారు, స్కూలు రికార్డులో వాళ్ల పేర్లే ఉంటాయి, ఫోస్టర్ కుటుంబం ఆస్తిలో బిడ్డకి వాటా రాదు. జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు మీద, కొంతకాలానికి, పర్యవేక్షణలో ఒక ఇంట్లో పెరగడం, అంతే. ఏడాది లోపలైతే స్వల్పకాలం, దాటితే దీర్ఘకాలం. తల్లి జబ్బు నయమైనా, తండ్రి జైలు నుంచి వచ్చినా, వాళ్లు బిడ్డని చూసుకోగలరని కమిటీకి నమ్మకం కుదిరితే బిడ్డ తిరిగి వెళ్లిపోవాలి. ఈ ఒక్క ముక్క ముందే మింగుడుపడనివాళ్లు ఫోస్టర్ కేర్‌కి దరఖాస్తు పెట్టకపోవడమే మంచిది.

మామూలుగా ఈ దారికి వచ్చేది ఆరేళ్లు దాటిన పిల్లలు. తల్లిదండ్రుల్లో ఒకరో ఇద్దరో జైల్లో ఉన్నవాళ్లు, తీవ్రమైన జబ్బుతోనో మానసిక అనారోగ్యంతోనో తల్లిదండ్రులు చూసుకోలేనివాళ్లు, ఇంట్లోనే హింసకి గురైనవాళ్లు, వరద తుపానుల్లో అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లు, బాలల హోమ్‌లో ఏళ్ల తరబడి ఉన్నా చూడటానికి ఎవరూ రానివాళ్లు. దత్తతకి వెళ్లగలిగే పిల్లల్ని దీర్ఘకాలం ఫోస్టర్ కేర్‌లో ఉంచకూడదని 44వ సెక్షనే చెబుతోంది. కానీ పెద్దపిల్లల్నీ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల్నీ దత్తతకి అడిగేవాళ్లు తక్కువ. అలా ఎంతకాలానికీ ఇల్లు దొరకనివాళ్లని 2024లో కేంద్రం తెచ్చిన ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలు ఈ దారిలోకి తీసుకొచ్చాయి. చట్టప్రకారం దత్తతకి విడుదలైన బిడ్డ ఒకే ఫోస్టర్ ఇంట్లో రెండేళ్లు కుదురుగా ఉంటే ఆ కుటుంబం దత్తత కోరవచ్చు. ఇంతకుముందు ఈ గడువు ఐదేళ్లు.

ఇక మన ప్రాంతంలో ఎక్కువమంది ఏ కోవలోకి వస్తారంటే, వీటిలో దేనిలోకీ రారు. అమ్మమ్మ దగ్గరో మేనమామ దగ్గరో ఉన్న బిడ్డకి ఫోస్టర్ కేర్ ముందుగా చూడాల్సిన దారి కాదు. ఆ బిడ్డకి ముందు చూడాల్సింది స్పాన్సర్‌షిప్.

అమ్మమ్మ ఇంటికి నాలుగు వేలు

పిల్లల సంరక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద, స్పాన్సర్‌షిప్‌కి అర్హత ఉన్న బిడ్డకి నెలకి 4,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో 72,000, మిగతా చోట్ల 96,000 దాటకూడదు. తల్లి వితంతువైనా, భర్త వదిలేసినదైనా, తల్లిదండ్రులిద్దరూ లేక బంధువుల దగ్గర పెరుగుతున్నా, తల్లిదండ్రులు ప్రాణాంతకమైన జబ్బుతో ఉన్నా, ప్రమాదంలో పనికి పనికిరాకుండా పోయినా అడగవచ్చు. బిడ్డని హాస్టల్‌కో హోమ్‌కో పంపకుండా ఉన్న ఇంట్లోనే నిలబెట్టడం దీని ఉద్దేశం. ఫోస్టర్ కేర్ కన్నా ఇదే ఎక్కువమందికి అక్కరకొచ్చేది, ఎక్కువమందికి తెలియనిది కూడా.

దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్లాలి. మాటల్లో డీసీపీయూ ఆఫీసు అంటారు. అంగన్‌వాడీ టీచరుకో, సచివాలయంలో మహిళా పోలీసుకో చెప్పినా అక్కడికి చేరుస్తారు. కవర్లో పెట్టాల్సినవి దాదాపు ఇవి: బిడ్డ ఆధార్, జనన ధ్రువీకరణ, స్కూలు స్టడీ సర్టిఫికెట్, పెంచుతున్నవాళ్ల ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువీకరణ, బ్యాంకు పాసుపుస్తకం, తల్లి లేదా తండ్రి మరణ ధ్రువీకరణ.

దరఖాస్తులకి గండి పడేది ఆ చివరి కాగితం దగ్గరే. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. చెరువు కాపలా దగ్గర పామేసి పోయినవాడికీ, వలసెళ్లిన ఊళ్లో పోయినవాడికీ ఇంట్లో దినకార్యాలు జరుగుతాయి గానీ ఆ నమోదు జరగదు. ఏడాది దాటితే పంచాయతీ కార్యదర్శి చేతిలో ఏమీ ఉండదు, జిల్లా మేజిస్ట్రేట్ గానీ, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ గానీ, అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ ఉత్తర్వివ్వాలి. మరణం సంభవించిన చోట నమోదు చెయ్యాలి తప్ప సొంతూళ్లో కాదు. అమ్మమ్మ అమలాపురంలో ఉండి, అల్లుడు హైదరాబాదులో పోతే, ఆ కాగితం హైదరాబాదు నుంచే రావాలి. ఇది తెలియక నెలలకి నెలలు పంచాయతీ ఆఫీసు మెట్లెక్కి దిగేవాళ్లున్నారు.

తండ్రి చనిపోలేదు, కనబడటం లేదు అంటే లెక్క వేరు. అప్పుడు పోలీసు ఫిర్యాదు కాగితం, సచివాలయం వాళ్ల విచారణ, బిడ్డ తల్లి వాంగ్మూలం ఉంటే కమిటీ ముందు మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. 'వదిలేసి వెళ్లాడు' అన్న మాట నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఫైలు కదలదు.

ఇంకో రెండు చిక్కులున్నాయి. బిడ్డ నెల దాటి బడి మానేస్తే డబ్బు ఆపి సమీక్షిస్తారు. ప్రభుత్వమే ఖర్చంతా పెట్టుకునే హాస్టల్లో చేరితే స్పాన్సర్‌షిప్ ఆగిపోతుంది, కాబట్టి గురుకులంలో సీటు వచ్చినప్పుడు ఇంటికొచ్చే డబ్బు పోతుందని తెలిసే నిర్ణయం తీసుకోవాలి.

తల్లి గల్ఫ్‌లో ఉన్న బిడ్డ సంగతి ఇందులో సరిగ్గా ఇమడదు. తల్లి బతికే ఉంది, డబ్బు పంపుతోంది, ఆమే సంరక్షకురాలు. బిడ్డకి రక్షణ కరువైందని అనడానికి లేదు. కానీ ఆ డబ్బు ఆగిపోయి, ఫోను మూగబోయి ఏడాది దాటాక కూడా 'తల్లి ఉందిగా' అని ఊరుకోకూడదు. ఆ దశలో కమిటీకి తెలియజేస్తే బిడ్డకి సాయం దొరకడానికి దారి ఉంది.

ఫోస్టర్ ఇల్లు ఎలా ఎంపికవుతుంది

2024 మార్గదర్శకాల ప్రకారం పెళ్లయినవాళ్లే కానక్కర్లేదు, ఒంటరిగా ఉన్నవాళ్లు కూడా ఫోస్టర్ తల్లి లేదా తండ్రి కావచ్చు. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లవాణ్ణయినా తీసుకోవచ్చు, ఒంటరి పురుషుడికి మగపిల్లలే. దంపతులైతే కనీసం రెండేళ్ల స్థిరమైన కాపురం ఉండాలి, ఇద్దరి వయసులూ కలిపితే 70కి తగ్గకూడదు. ఒంటరివాళ్లకి కనీసం 35. పైపరిమితి బిడ్డ వయసుని బట్టి మారుతుంది. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకైతే దంపతులకి కలిపి 110, ఒంటరివాళ్లకి 55. 12 నుంచి 18 ఏళ్ల పిల్లలకైతే 115, 60. దరఖాస్తు దత్తతకి వాడే కేరింగ్స్ పోర్టల్లోనే ఆన్‌లైన్‌లో పెట్టాలి.

తర్వాత ఇంటికొస్తారు. ఈ పరిశీలనని చాలామంది పెళ్లిచూపుల్లా అనుకుని గోడలకి సున్నం వేయించి, జీడిపప్పు ఉప్మా చేయించి పెడతారు. వచ్చినవాళ్లు చూసేది గోడల్ని కాదు. బిడ్డ ఎక్కడ పడుకుంటుంది, ఎవరి పక్కన? బట్టల పెట్టె పెట్టుకోవడానికి తనదంటూ ఒక మూల ఉందా? ఆడపిల్లయితే మరుగుదొడ్డి తలుపుకి లోపలి గడియ ఉందా? పెరట్లోనే పంట కాలువో చేపల చెరువో ఉంటే కంచె ఉందా, బిడ్డకి ఈత వచ్చా? డెల్టాలో ఈ చివరి ప్రశ్న లాంఛనం కాదు. ఇంట్లో ఎవరైనా తాగుతారా, చెరువు లీజుల మీద అప్పులు ఎంత, ఫోస్టర్ కేర్ కింద ప్రభుత్వమిచ్చే 4,000 లేకపోయినా ఇల్లు గడుస్తుందా అని కూడా చూస్తారు. ఆ డబ్బు బిడ్డ ఖర్చుకి, ఇంటి ఖర్చుకి కాదు. పొరుగింటివాళ్లని అడుగుతారు. ఇంట్లో ఉన్న సొంత పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి అడుగుతారు, అడగాలి కూడా. 'అమ్మ తెస్తానంటోంది' అని నసిగిన పదేళ్ల పిల్ల మాటకి ఆదాయ ధ్రువీకరణ కన్నా బరువుంది.

దీంతోపాటు బిడ్డ గురించి కూడా విడిగా నివేదిక తయారవుతుంది. రెండూ కమిటీ ముందుకొస్తాయి. బిడ్డ అభిప్రాయం తీసుకుని, ఇద్దర్నీ కలిపి చూసి, అప్పుడు ఉత్తర్విస్తారు. కమిటీ అంటే ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. వాళ్లలో కనీసం ఒకరు మహిళ కావాలి. నెలలో కనీసం 20 రోజులు సమావేశమవ్వాలి, మేజిస్ట్రేట్ అధికారాలుంటాయి. అక్కచెల్లెళ్లనీ అన్నదమ్ముల్నీ విడదియ్యకుండా ఒకే ఇంట్లో పెట్టడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. 'అబ్బాయిని మాత్రం తీసుకుంటాం' అనే కుటుంబాలు ఇక్కడే ఆగిపోతాయి. కమిటీ నెలనెలా వచ్చి చూడాలి, బాగోలేదని తేలితే బిడ్డని వెనక్కి తీసుకోవాలి. ఉత్తర్వు మీద అభ్యంతరముంటే మిగతా విషయాల్లోలా బాలల కోర్టుకి కాదు, ఫోస్టర్ కేర్, స్పాన్సర్‌షిప్, ఆఫ్టర్ కేర్ వరకు అప్పీలు కలెక్టరుకి, 30 రోజుల్లోగా.

ఇక మనకే ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక వశిష్ఠ గోదావరికి ఇటు సఖినేటిపల్లి కోనసీమలో, అటు నరసాపురం పశ్చిమ గోదావరిలో ఉన్నాయి. పంటు ఎక్కితే కాసేపట్లో అవతలి రేవు. కానీ ఇటువైపు బిడ్డకి అటువైపు ఇల్లు చూడాలంటే రెండు జిల్లాల విభాగాలు కలిసి పనిచెయ్యాలి, ఇల్లు పరిశీలించేది అటువాళ్లు, బిడ్డ ఫైలు ఉండేది ఇటువాళ్ల దగ్గర. యానాం అయితే పుదుచ్చేరి కిందికి వస్తుంది, రాష్ట్రమే మారిపోతుంది. ఆలస్యం ఎక్కువగా ఇలాంటి చోటే జరుగుతుంది కాబట్టి దరఖాస్తు పెట్టిన వెంటనే రెండు ఆఫీసుల్లోనూ ఫైలు నంబరు రాయించుకోవాలి.

బిడ్డ ఇంటికొచ్చాక

మొదటి నెలల్లో వచ్చే చిక్కులు దాదాపు అందరికీ ఒకటే. దిండు కింద జంతికలు దాస్తారు. పక్క తడుపుతారు. కొత్త బట్టలిస్తే కట్టుకోకుండా పాతవే వేసుకుంటారు. కొందరైతే అతి మంచిగా ఉంటారు, చెప్పకముందే గిన్నెలు తోమేస్తారు. దాన్ని చూసి మురిసిపోతారు గానీ, పంపేస్తారేమో అన్న భయం అది. దాచిన తిండిని వెతికి తిట్టడం వల్ల దాచుకోవడం పెరుగుతుంది. పెట్టె మూత తీసే ఉంచి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోమంటే నెమ్మదిగా తగ్గుతుంది.

'అమ్మా' అని పిలవమని పట్టుబట్టకూడదు. పిన్ని, బాబాయి, అత్త, మావయ్య, మనకి వరసలకేం కొదవ? పేరు మార్చకూడదు. మతం మార్చే ప్రయత్నాలూ వద్దు. తల్లి ఫొటో ఉంటే పెట్టెలో దాని చోటు దానికి ఉండాలి. తల్లిదండ్రులు అప్పుడప్పుడు వచ్చి చూసే హక్కు చట్టంలోనే ఉంది, బిడ్డకి మంచిది కాదని కమిటీ అనుకుంటే తప్ప. తల్లి వచ్చి వెళ్లిన రోజో, ఐఎంఓ యాప్‌లో వీడియో కాల్ మాట్లాడిన రోజో రాత్రి బిడ్డ అన్నం తినదు, అలుగుతుంది, వస్తువులు విసురుతుంది. 'ఆవిడ వస్తే పాడైపోతోంది' అని ఫోస్టర్ కుటుంబం రాకపోకలు ఆపేస్తుంది. ఇది చాలా ఇళ్లు చేసే పొరపాటు. ఏడుపు రావడం బంధం ఉందనడానికి గుర్తు. కలవడం బిడ్డకి నిజంగా హాని చేస్తోందనిపిస్తే డీసీపీయూకి రాతపూర్వకంగా చెప్పాలి తప్ప సొంతంగా తలుపు వెయ్యకూడదు.

పెళ్లిళ్లకీ జాతరలకీ తీసుకెళ్లినప్పుడు 'ఎవరి పిల్లండీ?' అని పదిమందీ అడుగుతారు. ముందే బిడ్డతో కలిసి ఒక జవాబు అనుకోవాలి: 'మా ఇంట్లో ఉండి చదువుకుంటోందండి'. అంతకు మించి చెప్పనక్కర్లేదు. బిడ్డ కథని, ఫొటోని ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పుట్టినరోజుకి కేకు కోయించి 'అనాథ పాపతో మా వేడుక' అని పెట్టేవాళ్లకి ఈ సంగతి తెలియదు.

బిడ్డని తిరిగి అప్పగించేసే సందర్భాలూ ఉంటాయి. ఎక్కువసార్లు కారణం బిడ్డ అల్లరి కాదు. కృతజ్ఞత ఆశించడం. 'ఇంత చేశాం, ఎదురు చెబుతోంది' అన్న మాట మొదలైందంటే ఆఫీసుకి ఫోను చేసి సాయం అడగాల్సిన సమయం వచ్చినట్టు. రెండో కారణం ఇంటిపని. బడి మానిపించి చిన్నపిల్లని ఆడించడానికో రొయ్యలు వలవడానికో పంపితే అది ఫోస్టర్ కేర్ కాదు.

స్టాంపు పేపరు మీద బిడ్డ

'పాపని పెంచుకునేవాళ్లుంటే ఈ నంబరుకి చెయ్యండి' అనే మెసేజ్‌లు 2021లో కోవిడ్ రెండో విడతలో గుప్పుమన్నాయి, ఇప్పటికీ తిరుగుతుంటాయి. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాయించుకుని నోటరీ చేయించినంత మాత్రాన బిడ్డ మనదైపోదు. పద్ధతి ప్రకారం కాకుండా బిడ్డని దత్తత కోసం ఇచ్చినా పుచ్చుకున్నా మూడేళ్ల దాకా జైలు, లక్ష జరిమానా, లేదా రెండూ. డబ్బు చేతులు మారితే ఐదేళ్ల దాకా కఠిన కారాగారం. 1956 హిందూ దత్తత చట్టం కింద కన్నవాళ్లే నేరుగా ఇచ్చి రిజిస్టరు దస్తావేజు రాసుకునే దత్తత ఇప్పటికీ చెల్లుతుంది, దానికి వయసు లాంటి షరతులు వేరే ఉన్నాయి. గట్టు మీద దొరికిన బిడ్డకి, ఆసుపత్రిలో వదిలేసిన బిడ్డకి, మధ్యవర్తి తెచ్చిన బిడ్డకి అది వర్తించదు.

అలాంటి బిడ్డ కంటపడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చెయ్యాలి. ప్రయాణ సమయం తీసేస్తే 24 గంటల్లో కమిటీ ముందుకి చేరాలి. తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే, ఆరు నెలల జైలు లేదా పదివేల జరిమానా లేదా రెండూ. వరదకి లంకల్ని ఖాళీ చేయించి పునరావాస కేంద్రాలకి తెచ్చినప్పుడు ఒంటరిగా కనిపించిన పిల్లవాణ్ణి 'మా ఇంటికి తీసుకెళ్తాం' అనే మంచివాళ్ల విషయంలోనూ ఇదే లెక్క.

తోట, పద్దెనిమిదో ఏడు

బిడ్డకి తండ్రి నుంచి వచ్చిన భూమి ఉంటే మొదటిరోజే కమిటీకి చెప్పి ఫైల్లో ఎక్కించాలి. ఫోస్టర్ కుటుంబానికి దాని మీద ఏ హక్కూ లేదు. పెంచుతున్న పెదనాన్నకి కూడా లేదు, 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఊరికే చూసుకుంటున్నవాళ్లు మైనరు ఆస్తిని అమ్మలేరు. 'పిల్ల పెళ్లికే అమ్మాం' అన్నా చెల్లదు. కౌలు డబ్బు బిడ్డ ఖాతాలో పడేలా చూసుకోవాలి, కౌలుకాగితం నకలు దాచుకోవాలి.

పద్దెనిమిది నిండగానే ఫోస్టర్ డబ్బు ఆగిపోతుంది. సంస్థల నుంచి బయటికొచ్చిన యువతకి 21 ఏళ్ల దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో మరో రెండేళ్లు ఆఫ్టర్ కేర్ ఉంది. చట్టంలోని నిర్వచనం సంస్థల్లో పెరిగినవాళ్ల గురించే మాట్లాడుతుంది, ఫోస్టర్ ఇంట్లో పెరిగినవాళ్ల ఊసు అందులో లేదు. సంస్థ కన్నా ఇల్లు మేలన్న చట్టమే, ఇంట్లో పెరిగిన బిడ్డని చివర్లో మర్చిపోయింది. అందుకని పదహారో ఏటి నుంచే పని మొదలుపెట్టాలి. ఆధార్‌లో వేలిముద్రల నవీకరణ, సొంత పేరున బ్యాంకు ఖాతా, కుల ధ్రువీకరణ, ఐటీఐకో పాలిటెక్నిక్‌కో ఫీజు రీయింబర్స్‌మెంట్ కాగితాలు. వీటన్నిటికీ తల్లిదండ్రులెవరన్న ప్రశ్న వస్తుంది, జవాబు కమిటీ ఉత్తర్వుల్లోనే ఉంటుంది. ఆ ఉత్తర్వుల ధ్రువీకరించిన నకళ్లు పద్దెనిమిది నిండకముందే రెండు సెట్లు అడిగి తీసుకుని, ఒకటి బిడ్డ చేతికివ్వాలి. పుట్టినరోజు మర్నాడే ఇల్లు వదిలి వెళ్లమని ఏ ఉత్తర్వూ అనదు. ఉండటమా, వెళ్లడమా అన్నది ఆ ఇంటివాళ్లూ, ఆ పిల్లా మాట్లాడుకోవాల్సిన సంగతి. ఆ మాట పదిహేడో ఏటనే మాట్లాడుకుంటే పరీక్షల నెలలో ఆ పిల్ల నిద్ర చెడగొట్టుకోకుండా ఉంటుంది.